మా బావ అక్రా ప్రయాణం

మా బావను ప్రెస్సులో చెవి మేస్త్రీ అంటారు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను తిరుగుతున్న మిషను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ రోలరు పక్కకు జరిగిందో విని చెప్పేస్తాడు. నేల ఊడ్చే పనికి చేరి, కాగితం కట్టలు మోసి, సిరా కలిపి, పందొమ్మిదేళ్ల కిందట ఆ నాలుగు రంగుల మిషను దగ్గర నిలబడ్డాడు. ఇప్పటికీ అక్కడే. లక్షల పుస్తకాలు అచ్చు వేశాడు, ఒక్కటీ చదవలేదు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అతనికి కనిపించేది సిరా, అక్షరం కాదు.

అక్షరాలు నావి. అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను, అక్కా బావల ఇంట్లోనే ఉంటాను. చదువు పదో తరగతితో ఆగినా, ప్రూఫుల పుణ్యమా అని చదవని విషయం లేదు. పడమటి ఆఫ్రికా తీరం గురించిన లావుపాటి పుస్తకాన్ని మూడుసార్లు దిద్దాను. తప్పులు మొదటిసారికే అయిపోయాయి. మిగతా రెండుసార్లూ నా కోసం.

యజమాని ఆ పాత మిషనును అక్రాలోని ఒక ప్రెస్సుకు అమ్మాడు. అక్రా అంటే ఘనా రాజధాని, సముద్రపు ఒడ్డున ఉంటుంది. ఆయన కబురు పెడితే తల దువ్వుకుని మరీ వెళ్లాను.

"మిషను బిగించి, నడిపించి రావాలి. మీ బావ వెళ్తాడు," అన్నాడు. "ఆయనకి కాగితాల గొడవ తెలీదు కదా. వీసా, టికెట్టు అవన్నీ ఇక్కడ నువ్వు దగ్గరుండి చూసుకో."

వడ్డన నాది, విస్తరి బావది.

ఆ సాయంత్రం బావ మంచం మీద కాళ్లు చాపుకుని అడిగాడు. "ఏరా బామ్మర్దీ, అక్రా ఎటువైపు? ఎన్ని బస్సులు మారాలి?"

"రెండు విమానాలు బావా."

"అయితే కిటికీ పక్క సీటు చెప్పు. గదిలోంచి సముద్రం కనిపిస్తుందా?"

ఇన్నేళ్లలో సముద్రం ఊసెత్తని మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా వీసా ఫారం నింపాను. గది మాట్లాడాను, కిటికీలోంచి సముద్రం కనిపించేదే. టికెట్టు తీశాను. ఒక్కటి మాత్రం వదిలేశాను. అక్రాలో దిగాలంటే పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, టీకా కార్డు ఉండాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మా ఊరి ఆసుపత్రిలో మంగళవారాలే వేస్తారు. మొదటి మంగళవారం ఒక్కణ్నే వెళ్లి నేను వేయించుకున్నాను. బావకు చెప్పలేదు. ఇక ప్రయాణం లోపల పనికొచ్చే మంగళవారం ఒక్కటే మిగిలింది.

దాని ముందురోజు, బట్టలు ఉతకబోతూ అక్క నా చొక్కా జేబు తడిమింది.

"ఇదేంట్రా?"

"టీకా కార్డు. అది లేకపోతే అక్రాలో దిగనివ్వరు."

"దీని మీద నీ పేరుంది. మా ఆయనదేది?" నేను బకెట్టు అందుకున్నాను. "నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"ఆఖర్లో ఆయన ఆగిపోతే..."

"ఆగిపోతే నువ్వు ఎగిరిపోదామనా?" కార్డు నా చేతిలో పెట్టింది. "రేపు ఆయన్ని నువ్వు తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్లమంటావా? నేనైతే దారి పొడుగునా అన్నీ చెప్పుకుంటూ వెళ్తాను."

నేనే తీసుకెళ్లాను. నర్సు నన్ను చూడగానే, "నువ్వు మళ్లీ వచ్చావేంటి? పోయిన మంగళవారం వేశాను కదా!" అంది.

అరిగిన బేరింగును చెవితో పట్టే మనిషికి ఆ మాట చాలు.

"ఇవాళ కూడా రాకపోతే ఏమయ్యేది?" అన్నాడు బావ.

"పది రోజులు సరిపోవు. నీ ప్రయాణం ఆగిపోయేది."

చొక్కా చేయి పైకి మడుచుకున్నాడు. సూది దిగి, బయటికి వచ్చింది. తర్వాత దూది అదుముకుంటూ అన్నాడు. "సరే, నువ్వే వెళ్లావనుకో. అక్కడ మిషను మూలుగుతుంటే ఏం చేసేవాడివిరా? పుస్తకం చదివి వినిపించేవాడివా?"

నర్సు నవ్వింది. బావ నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి అతనికి ఒళ్లు కాలింది. టీకాకు అది మామూలే. తడిగుడ్డ వేసే పని అక్క నాకు అప్పగించింది. బావ కళ్లు మూసుకుని, మిషను వినేటప్పటిలాగే తల ఒక పక్కకు వంచి, "చెప్పు, ఆ ఊరెలా ఉంటుందో," అన్నాడు.

చెప్పాను. ఎడారి నుంచి దుమ్ము మోసుకొచ్చే పొడిగాలి గురించి, అలల మీదికి మనుషులే తోసుకెళ్లే పడవల గురించి, వాటి మీద రంగులతో రాసుకునే మాటల గురించి.

"ఏ రంగులు?" అన్నాడు.

నా పుస్తకంలో బొమ్మలన్నీ నలుపు తెలుపులే. "తెలీదు," అన్నాను.

"ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటాయో! చూసొచ్చి చెబుతాలే."

నేను చదివిందంతా అతను చూస్తాడు. నేను చదవనిదీ చూస్తాడు. తడిగుడ్డ మార్చాను. ఆ ఊళ్లో పాత రేవు పక్కన, చేపలు పట్టేవాళ్ల ఇళ్ల మధ్య, ఎర్రచారల దీపస్తంభం ఒకటుందని ఆ పుస్తకంలోనే చదివాను.

"ఇంకేమైనా ఉందా చూడ్డానికి?" అన్నాడు బావ.

"అంతే బావా," అన్నాను.