నల్లా పైపు మీద కేబులు

సంపులో నీళ్ళు మొదట పచ్చబడ్డాయి. తర్వాత వాసన వేశాయి. మేడ మీద ట్యాంకు రెండుసార్లు, సంపు ఒకసారి కడిగించాం. నీళ్ళు మాత్రం తమ పద్ధతి మార్చుకోలేదు. చివరికి నల్లా పనులు చేసే మేస్త్రీని పిలిచాం. అతను గేటు దగ్గరున్న మీటరు నుంచి ఇంటి పక్కగా సంపు దాకా అడుగులు కొలుచుకుంటూ నడిచాడు. మధ్యలో, మురుగుకాలువ పక్కన ఒకచోట ఆగి, కాలి మడమతో నేలని తట్టి చూశాడు.

"లోపల ఇనుప పైపు ఖరాబైంది సార్. పక్కకే మోరీ ఉన్నది గద. నల్లా బందైనంక మోరీ నీళ్ళు లోపలికి గుంజుకుంటున్నది. అతుకులేస్తె ఆగదు. మొత్తం తీసి కొత్తది ఎయ్యాలె."

"సరే" అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేవాణ్ణి.

ఉద్యోగం పోయి అప్పటికి ఏడు వారాలు. ఇంట్లో చెప్పలేదు.

పదిహేడేళ్ళు ఒకే కంపెనీలో చేశాను. తీసేయడానికి వాళ్ళకి పదిహేను నిమిషాలు పట్టింది. ఆన్‌లైన్ మీటింగులో హెచ్చార్ అమ్మాయి, కెమెరా ఆపేసుకుని, రాసి ఉంచుకున్నది చదివి వినిపించింది. అయిపోయాక నేను థాంక్యూ అన్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఉద్యోగం పోయినందుకు కాదు, థాంక్యూ అన్నందుకు. ఆ రోజు మాత్రం ఏమీ అనిపించలేదు. పన్ను పీకడానికి సూది పొడిచాక చెంప మనది కానట్టు ఉంటుంది కదా, ఒళ్ళంతా అలా ఉండేది. రెండు రోజుల్లో అదే పోతుందనుకున్నాను. పోలేదు.

మా ఆవిడకి మొదటి రోజే చెప్పవలసింది. చెప్పలేదు. రెండో రోజు చెబితే నిన్నెందుకు చెప్పలేదని అడుగుతుంది. వారం దాటాక చెబితే వారం రోజులు ఎందుకు దాచావని అడుగుతుంది. అలా జవాబు చెప్పవలసిన రోజులు పెరుగుతూ పోయాయి. "మా టీముని పూర్తిగా ఇంటి నుంచే పని చేయమన్నారు" అని చెప్పాను. నమ్మింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే. అంత సులువుగా చెల్లిపోతుందని నాకే తెలియదు.

మా అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో ఇద్దరమే. రోజూ తొమ్మిదిన్నరకి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాణ్ణి. కంపెనీ లాప్‌టాప్ వాళ్ళు తీసుకుపోయారు కనుక, అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాతది తెరిచి, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకునేవాణ్ణి. పదిన్నరకి మీటింగు. పదిన్నర కాగానే గొంతు సవరించుకుని, "యామ్ ఐ ఆడిబుల్?" అనేవాణ్ణి. అని కాసేపు ఆగేవాణ్ణి, అవతలివాళ్ళు జవాబు చెప్పేంతసేపు. అవతల ఎవరూ లేరు. తర్వాత ముప్పావుగంట మాట్లాడేవాణ్ణి. కొన్ని రోజులు బాగా మాట్లాడాననిపించేది కూడా. నవ్వు రావాలి నిజానికి. నాకు నవ్వూ రాలేదు.

కొత్త ఉద్యోగాలకి దరఖాస్తులు పంపలేదా అంటే పంపాను. మా ఐటీ కారిడార్‌లో ఏ అద్దాల భవనంలో ఎవరున్నారో నాకు తెలుసు. తెలిసినవాళ్ళందరూ చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు.

తవ్వే రోజు పొద్దున ఎనిమిదింటికే మేస్త్రీ తన భార్యతో వచ్చాడు. మీటింగు టైముకి లోపలికి వస్తానని చెప్పి నేనూ బయటే ఉన్నాను. అతను తవ్వితే ఆవిడ తట్టతో మట్టి ఎత్తి పోయాలి. ఇద్దరూ నా వయసువాళ్ళే. ముందు కటింగ్ మిషన్‌తో పార్కింగ్ టైల్స్ కోశాడు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద రొదకి ఈ రొద తోడై వీధంతా దద్దరిల్లింది. పది అవుతుండగా గడ్డపార చేతికి తీసుకుని నన్ను అడిగాడు.

"సార్, ఈడ భూమిల ఇంకేమన్న లైన్ ఉన్నదా? కరెంటుది, కేబుల్ది గిట్ల?"

"ఏమీ లేదు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు.

ఉంది. మా వీధిలో పార్కింగ్ టైల్స్ అంటే అందరికీ ప్రాణం. ఇల్లు కట్టుకున్నవాడు లోపల గచ్చు పగిలినా సహిస్తాడు కానీ గేటు దగ్గర టైలు పగిలితే సహించడు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని మొదలైనప్పుడు నెట్ కేబులు వేయడానికొచ్చినవాడు, గోడకి మేకులు కొట్టి లాగుతానన్నాడు. గోడకి కొత్త రంగు. వద్దన్నాను. పోనీ టైల్స్ కోస్తానన్నాడు. అంతకన్నా వద్దన్నాను. నల్లా పైపు దారిలో ఒక వరస టైల్స్ కింద మట్టి కుంగి, అవి కదులుతూ ఉండేవి. ఆ వరస లేపించి, పైపుకి జానెడు పైన కేబులు పడుకోబెట్టించి, టైల్స్ మళ్ళీ అతికించేశాను. ఒక్కటి కూడా పగల్లేదు. పక్కింటాయన వచ్చి చూసి మెచ్చుకున్నాడు. నన్ను నేను కూడా చాలా రోజులు మెచ్చుకున్నాను.

ఇదంతా నాకు మేస్త్రీ గడ్డపార రెండోసారి ఎత్తినప్పుడు గుర్తొచ్చింది. అతను ఎత్తిన గడ్డపార ఇంకా గాల్లోనే ఉంది. ఆగమని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. భయపడి కాదు, కావాలనీ కాదు. గడ్డపార దిగింది. బూడిదరంగు కేబుల్ గొట్టం రెండు ముక్కలై, లోపలి సన్నటి తీగ మట్టిలోంచి పైకి లేచింది.

లోపల మా ఆవిడ ఫోన్‌లో ఏదో చూస్తోంది కాబోలు, నెట్ ఆగిపోగానే బయటికొచ్చింది. గోతిలోకి చూసింది. అప్పుడు టైము పదీ పది.

"ఏంటండీ ఇది, చూసుకుని తవ్వొద్దా?" అంది మేస్త్రీతో. సాధారణంగా ఆవిడ ఎవరినీ గట్టిగా అనదు. "పదిన్నరకి ఆయనకి మీటింగు. రోజూ ఎంతమందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నారో చూస్తున్నాం కదా. ఒక్కపూట కనబడకపోతే ఏమంటారో ఏమో."

"సార్ని అడిగిన అమ్మా" అని మొదలుపెట్టి మేస్త్రీ నా వైపు చూశాడు. నేను మట్టికుప్ప వైపు చూశాను. అతను గడ్డపార గోడకి ఆనించాడు. "తప్పు నాదే అమ్మా. సూసుకోలే."

అతని భార్య తట్ట కింద పడేసింది. "అడిగినవ్ గద. అడిగిన అని జెప్పు."

"నువ్వు ఊకో" అన్నాడు అతను.

నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను, వేరేవాళ్ళ ఇంటి గొడవ చూస్తున్నట్టు. మా ఆవిడ మాత్రం చకచకా పని చేసుకుపోతోంది. కేబుల్ వాళ్ళకి ఫోన్ చేసింది. సాయంత్రం గానీ రామన్నారు. పక్కింటావిడకి చేసింది. లోపలికి వెళ్ళి లాప్‌టాప్, చార్జరు, హెడ్‌సెట్ గుండెలకి ఆనించుకుని తెచ్చింది.

"వాళ్ళింట్లో కూర్చోండి. హాల్లో టీవీ కట్టేయమన్నాను. వాళ్ళబ్బాయి పాస్‌వర్డ్ చెబుతాడు. పదండి, టైమైపోతోంది."

పక్కింటివాళ్ళ హాల్లో, వాళ్ళంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటే, నేను ఎవరూ లేని తెరకి నా మాట వినబడుతోందా అని అడగాలి. అడిగేవాణ్ణే, అదే భయంకరమైన సంగతి. కాళ్ళు గేటు వైపు కదిలాయి కూడా.

మేస్త్రీ చేతులు లుంగీకి తుడుచుకుని అడ్డం వచ్చాడు.

"సార్, ఒక్క మాట. మీ మేనేజర్ సాబ్‌కి ఫోన్ కలుపుండ్రి. నేనే మాట్లాడ్త. గడ్డపార తగిలి కేబుల్ తెగింది, సార్‌ది ఏం తప్పు లేదు అని జెప్త. నా వల్ల మీ నౌకరికి ఏం గావద్దు."

అతను నిజంగానే చెయ్యి చాపాడు ఫోను కోసం. వేళ్ళనిండా మట్టి.

"నౌకరీ లేదు" అన్నాను.

నేను గట్టిగా ఏమీ అనలేదు. అయినా ముగ్గురికీ వినబడింది. అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పాను. "నన్ను తీసేశారు. మీటింగేమీ లేదు. కేబులు అక్కడుందని కూడా నాకు తెలుసు. వేయించిందే నేను. మేస్త్రీ అడిగితే లేదన్నాను."

"ఎప్పుడు తీసేశారు?" అంది మా ఆవిడ.

"ఏడు వారాలైంది."

ఆవిడ లాప్‌టాప్‌ని స్కూటర్ సీటు మీద జాగ్రత్తగా పెట్టింది. మేస్త్రీ వైపు తిరిగి, "ఊరికే మిమ్మల్ని మాటన్నాను. ఏమనుకోకండి" అంది. అతని భార్యతో కూడా అంది. ఆవిడ తట్ట తీసుకుంటూ, "ఏం గాదు అమ్మా" అని, మొగుడి వైపు మాత్రం నేను చెప్పలేదా అన్నట్టు చూసింది. మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రీ మళ్ళీ గోతిలోకి దిగాడు. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే, "ఫికర్ జెయ్యకుండ్రి సార్, దొర్కుతది" అన్నాడు. ఇంకాసేపటికి, "జర గీ పైపు కొస పట్టుకోండ్రి" అన్నాడు. పట్టుకున్నాను. ఏడు వారాల్లో నేను చేసిన పని అదొక్కటే.

పాత పైపు ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. చేత్తో నలిపితే తుప్పు రాలింది. మోరీ పక్కన ముక్కకి వేలు దూరేంత చిల్లు. కొత్తది నల్లటి ప్లాస్టిక్ పైపు, చుట్టగా వచ్చింది. ఎండలో పరిచి, వంపులు పోయేదాకా ఆగి, మీటరు నుంచి సంపు దాకా ఒకే పొడవుగా వేశాడు. రెండు కొసల్లో తప్ప ఎక్కడా అతుకు లేదు. మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ళిద్దరికీ పప్పూ అన్నం పెట్టింది. నాకూ ఒక కంచం తెచ్చి అరుగు మీద పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు.

మా వీధికి నాలుగింటికి నీళ్ళు వదులుతారు. నీళ్ళొచ్చి అతుకులు చూస్తే గానీ గోతి పూడ్చనన్నాడు మేస్త్రీ. అందరం కూర్చున్నాం. వాళ్ళిద్దరూ మట్టికుప్ప పక్కన, నేను అరుగు మీద. కాసేపటికి మా ఆవిడ వచ్చి నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది.

"మరి రోజూ తలుపేసుకుని మాట్లాడింది ఎవరితో?" అంది.

"ఎవరితోనూ లేదు. ఇదివరకు మీటింగుల్లో మాట్లాడినవే మళ్ళీ మాట్లాడేవాణ్ణి."

"అవతల ఎవరూ వినడం లేదు."

"లేదు."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండింటికీ సిద్ధంగానే ఉన్నాను, దేనికీ నాకేమీ అనిపించదని తెలుసు కనుక. ఇంతలో మీటరు కిర్రుమంది. పైపులో గాలి గుప్పుగుప్పున కదిలి, సంపులోకి నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది. మేస్త్రీ గోతిలోకి వంగి రెండు అతుకుల చుట్టూ అరచెయ్యి తిప్పి, పొడి చెయ్యి ఎత్తి చూపించాడు. "కారుతలేదు" అని పార అందుకున్నాడు.

"నాకు నెల నుంచి దగ్గు" అంది మా ఆవిడ.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"పొడి దగ్గు. ఒకసారి మొదలైతే పది నిమిషాలు ఆగదు. మీ మీటింగులో వాళ్ళకి వినబడితే బాగుండదని, వచ్చినప్పుడల్లా వెనక బాత్రూంలోకి వెళ్ళి, తలుపేసుకుని, పంపు తిప్పుకుని దగ్గుతున్నాను." "వినేవాళ్ళు ఎవరూ లేరన్నమాట."

అని దగ్గింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. మెడ నరాలు ఉబ్బేలా, ముందుకి వంగిపోయి దగ్గింది. మేస్త్రీ భార్య తట్ట దించి ఇటు చూసింది. నెల రోజులుగా అదే ఇంట్లో కూర్చుని, నా మాట వినబడుతోందా అని గోడల్ని అడిగిన నేను ఆ దగ్గు వినడం అదే మొదటిసారి. సిగ్గేసింది. ఒళ్ళంతా వేడెక్కేంత సిగ్గు.

మంచినీళ్ళు తెద్దామని లేచి వంటింట్లోకి పరిగెత్తాను. గ్లాసు దొరకలేదు. అక్కడికి కూడా ఆవిడ దగ్గు వినబడుతూనే ఉంది.