నీళ్ళకి తలుపు తీసిన రోజు

నిన్న ఉతికి మా గురుగ్రామ్ ఫ్లాటు బాల్కనీలో ఆరేసిన కారు మ్యాట్ ఇంకా ఆరలేదు. దానిలోంచి బురదా, డీజిలూ, మురుగూ కలిసిన వాసన ఇల్లంతా తిరుగుతోంది. మా అమ్మాయి మిన్ను ముక్కు మూసుకుని "ఛీ మమ్మీ, కిత్నీ బద్బూ హై" అంటూ బాల్కనీ తలుపు వేసేసింది. నేను మళ్ళీ తీశాను. ఆ వాసనకి మా నాన్న జీపూ, అందులోకి నా చేత్తో నేనే రానిచ్చిన నీళ్ళూ గుర్తొచ్చాయి.

అప్పట్లో మేం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న అక్కడే మందుల స్టోరు చూసేవాడు. ఇద్దరిదీ బాపట్ల వైపు. జూన్ అంతా కళ్ళల్లో కొట్టే దుమ్ముగాలి, తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి ధబధబా కురిసే మొదటి వాన, తోపుడు బండి మీద ఉప్పు చల్లిన నేరేడుపళ్ళు, బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులకి నిమ్మచెక్క రుద్ది ఇచ్చే భయ్యా, మెట్ల కింద ఏడుపెంకులాటని పిట్ఠూ అంటూ ఆడుకునే మేమూ, ఇదే నాకు తెలిసిన వానాకాలం. ఆదివారం పొద్దున్నే అమ్మ చర్చి భోజనాలకి కోడికూర వండి, గిన్నెకి గుడ్డ కట్టి నా ఒళ్ళో పెట్టేది. మసాలా వాసనకి నా నోట్లో నీళ్ళూరుతుంటే, దారిలో పెద్దవాళ్ళు ఉపవాసాల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

చర్చికి దగ్గరి దారి రైలు పట్టాల కిందుగా పోతుంది, గట్టి వాన పడితే అది చెరువే. నాన్నకి ఆ చెరువంటే పండగ. ఆయనది వేలంలో కొన్న పాత జీపు, నాలుగు చక్రాలూ లాగే బండి. ఇంజనుకి గాలి అందే గొట్టాన్ని పైకప్పు దాకా లేపించుకున్నాడు. ఢిల్లీ చలికి మేం వణుకుతున్నామని తలుపుల చుట్టూ ఎక్కడా సందు లేకుండా రబ్బరు అంటించాడు. నీళ్ళ దగ్గర ఆగి, ఫ్యాను తిరిగి ఇంజను మీద నీళ్ళు చల్లకుండా దాని బెల్టు ఊడదీసి, బండి ముందు టార్పాలిను కట్టేవాడు. ఈలోగా అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి, దోమతెర కర్రతో అడుగు అడుగూ పొడిచి చూసుకుంటూ అవతలికి నడిచి, అక్కణ్ణుంచి తెల్లకొంగు ఊపేది. అప్పుడు నాన్న చిన్న గేరులో బండి దింపి, క్లచ్చు ముట్టకుండా, కాలు కదపకుండా, బండి ముందు లేచే చిన్న అల వెనకే పోనిచ్చేవాడు. లోపల మేం కీర్తన పాడేవాళ్ళం. పాట ఎంత నిదానంగా సాగితే బండీ అంతే నిదానంగా సాగాలి, అదీ నాన్న లెక్క.

ఆ ఆదివారం మాతో దేవదానం తాతగారున్నారు. మా సంఘ పెద్ద, ఇస్త్రీ మడత నలగని లాల్చీ మనిషి. అమ్మ తొడల్లోతు నీళ్ళలో అవతలికి చేరి కొంగు ఊపింది. నాన్న స్టీరింగు పట్టుకోబోతుంటే తాతగారు "ఒక్క మాట ప్రార్థన చేసుకుని పోదాం నాయనా" అన్నారు. మా తాతగారి ఒక్క మాట ఎరగనిదెవరు! ఆసుపత్రిలోని రోగులూ, కటవారియా సరాయ్‌లో పరీక్షలకి చదివే కుర్రాళ్ళూ, ఊళ్ళోని బంధువులూ, దేశాన్నేలే పాలకులూ, ఎవ్వరూ మిగల్లేదు. మేం భక్తిగా కళ్ళు మూసుకునే ఉన్నాం. ఈలోగా పక్కనున్న మురుగు నాలా పొంగి ఆ పల్లంలోకి దూకింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి అమ్మ రెండు చేతులూ ఊపుతోంది. వద్దంటోందని ఎవరికి తట్టింది? రమ్మంటోందనుకున్నాం.

సగం దూరం పోయాక బండి తేలింది. చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, బండి మాత్రం మెల్లగా పక్కకి, గోడవైపు, లోతువైపు జారిపోతోంది. చలికి పెట్టిన రబ్బరు పుణ్యమా అని లోపలికి చుక్క నీరు రాలేదు, మా జీపు పడవైపోయింది. పాట ఆగిపోయింది.

"బుజ్జీ, తలుపు తియ్యవే!" అని అరిచాడు నాన్న.

నాకు మతిపోయింది. నీళ్ళలో మునిగిపోతున్నామని నేను గిన్నె కావలించుకుని కూర్చుంటే, మమ్మల్ని కాపాడాల్సిన మనిషే నీళ్ళని లోపలికి పిలవమంటున్నాడు!

"అయ్యయ్యో, నీకేవన్నా పిచ్చా నాయనా!" అన్నారు తాతగారు.

"బరువెక్కితే గానీ చక్రాలు నేలకి ఆనవు తాతగారూ! నేను చెయ్యీ కాలూ తియ్యకూడదు. బుజ్జీ, కాళ్ళతో తన్నవే!"

తన్నాను. నల్లటి చల్లటి నీళ్ళు ఒక్కసారిగా నా గుండెల మీదికొచ్చాయి, కోడికూర గిన్నె కొట్టుకుపోయింది. ఒడ్డున అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతలో కింద ధబ్‌మని చప్పుడై చక్రాలు నేల పట్టుకున్నాయి, సీట్ల దాకా నీళ్ళతోనే జీపు పాక్కుంటూ పైకెక్కింది. అమ్మ నన్ను లాక్కుని తడిమి తడిమి చూసుకుని, తాతగారి వైపు తిరిగి, జన్మలో మొదటిసారి పెద్దాయన మీద గొంతెత్తింది. "ఇకమీదట ముందు ప్రార్థన, తర్వాత నడక. ఇన్నారా?" తాతగారు పసిపిల్లాడిలా తలూపారు.

నిన్న ఇక్కడ అండర్‌పాసు నిండిపోతే మా ఆయన రవి కొత్త కారు దించబోయాడు. ఇదీ నాలుగు చక్రాల బండే. "ఎంత లోతు దాకా పోతుందో కంపెనీవాళ్ళే రాశారుగా" అన్నాడు.

"బండి సంగతి రాశారు. గొయ్యి సంగతి ఎవరు రాశారు?" అని గొడుగు తీసుకుని ముందు సీట్లోంచి దిగాను. "మమ్మీ ప్లీజ్, సబ్ దేఖ్ రహే హైఁ" అంటూ, అందరూ చూస్తున్నారని మిన్ను సిగ్గుతో చచ్చిపోయింది. కాస్త దూరంలోనే నీళ్ళు నడుం దాకా వచ్చాయి, ముందుకి పొడిచిన గొడుగుకి నేల అందలేదు. వెనక్కొచ్చేశాను. వెనక అన్ని కార్లు హారన్లు కొడుతున్నాయి గానీ, దిగి చూసిన ప్రాణి ఒక్కటీ లేదు.

నాన్న జీపు తుక్కుకి పోయింది, దోమతెర కర్ర ఎటు పోయిందో తెలియదు, తాతగారి ప్రార్థనలు ఆయనతోనే వెళ్ళిపోయాయి. తడిబట్టలతో ఈసారి మిన్ను పక్కన వెనక సీట్లో కూర్చున్నాను. మ్యాట్ తడిసింది అందుకే. రవి బండి వెనక్కి తిప్పుతుంటే, పాత భయం కొద్దీ నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను.

"వెనక తలుపులు లోపల్నుంచి రావు" అన్నాడు రవి నవ్వుతూ. "చైల్డ్ లాక్ వేసుంది, పిల్లల సేఫ్టీ కోసం."

ఆ రోజు నాన్న తలుపు తియ్యమన్నప్పుడు వెనక సీట్లో, మిన్ను కూర్చున్న చోటే, నేనున్నాను.