నిమ్మకాయలు తొక్కాల్సిన కారు

శృంగవరపుకోట బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒళ్ళో ఇంజనాయిలు డబ్బా, కాళ్ళ దగ్గర కూలెంటు డబ్బా ఉన్నాయి. ఇంట్లో వాళ్ళ నాన్నగారి నాటి అంబాసిడరు ఉందట. ఏటా దసరాకి పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, నలుగురూ తోస్తేగాని అది వాటిని తొక్కదట.

"ఈయేడు సొంతంగా తొక్కకపోతే తుక్కోడికి ఇచ్చేస్తానంది మా యింటిది," అన్నాడు దిగులుగా.

విని ఊరుకోవడం నాకు చేతకాదు. "నడవని బండికి కొత్త ఆయిలెందుకండీ?"

"ఇంట్లో కూకున్నోలికి కూడెట్టరేటమ్మా? కదలకపోయినా నూనె పాడైపోతాది."

"మరి బ్రేకాయిలు కొన్నారా?"

"కదలని బండికి బ్రేకులేటికి?"

"దసరాకి కదలాలన్నారుగా! నిమ్మకాయలు తొక్కాక ఆగాలి కదా? ఎదురుగా ఏముంటుంది?"

"మా యింటిదే. హారతి పళ్ళెం అట్టుకుని నిలబడతాది."

ఆ మాట అన్నాక ఆయన కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. రెండు స్టాపులు దాటాక డబ్బాలు పట్టుకుని దిగి, బ్రేకాయిలు కోసం వెనక్కి వెళ్ళే బస్సెక్కడానికి రోడ్డు దాటాడు.

ఇప్పటికీ దసరాకి మా స్కూటరు కింద నిమ్మకాయ పెడుతుంటే ఆయనే గుర్తొస్తాడు. దిగాడు, సంతోషమే. మొదటి స్టాపులోనే ఎందుకు దిగలేదన్నదే నా ప్రశ్న.