వెన్నెల కాపలా

అడవిపందులు సగం మొక్కజొన్న చేను తొక్కేశాయని నష్టపరిహారం కోసం మూడోసారి అర్జీ పట్టుకుని శ్రీముఖలింగంలో శ్రీకాకుళం బస్సెక్కాను. పక్క సీటు ముసలాయన ఒకప్పుడు పందుల వేటకు వెళ్లేవాడట.

"కాపలా కాయలేదేటి బావా?" అన్నాడు నా గోడు విని.

"ఎన్నెలున్న రాత్రులన్నీ మంచె మీదే ఉన్నాను. సీకట్లో ఏటి కనబడతాదని ఇంటికాడ తొంగున్నాను."

బస్సంతా తిరిగి చూసేలా నవ్వాడు. "ఎన్నెల్లో పంది బయటికి రావడానికి జంకుతాది. సీకటైతేనే సేలో పడతాది. అది రాని రోజులు కాసి, వచ్చే రోజులు తొంగున్నావు!"

తర్వాత నా చేతిలోని అర్జీని మడిచి నా జేబులో పెట్టాడు.

ఆ రోజు ఆఫీసులో అర్జీని చదవకుండానే పక్కన పడేసిన గుమస్తాను నేను మరచిపోలేదు. ఆ నవ్వునూ మరచిపోలేదు. గుమస్తాతో ఇంకా గొడవపడుతున్నాను, ముసలాయన మాట మాత్రం విన్నాను.

ఆ అమావాస్యకు మంచె ఎక్కాను. అప్పటికే రెండో సగమూ పోయింది, కింద కాయడానికి ఒక్క మొక్కా మిగల్లేదు.