పిడికెడు బియ్యంలో పొడుగు గింజలు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం అనుకోకండి; మొహాలు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకోవడం ఒడిశాలో మా జేకేపూర్ కాలనీకి కొత్తగా అలవాటైన రోజులు. లోకం మంచిదేనని అందరూ అనేవారు, మా ఇంట్లో తప్ప. నాన్న పేపరు మిల్లులో ఫిట్టరు. తాను బిగించిన బోల్టును తానే నమ్మక మళ్లీ తడిమి చూసేవాడు. అమ్మ చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది గాని, చేతిసంచీ మీద నుంచి చెయ్యి తీసేది కాదు. ఒకసారి బంధుగాంలో గృహ ప్రార్థనకని బయల్దేరి, తాళం వేశానో లేదోనని సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చింది. (తాళం వేసే ఉంది. "ఎవులో తీసి మల్లీ ఏసీసినట్టున్నారు" అంది.) ఆ ఇద్దరి కడుపున పుట్టిన నేను, రాయగడలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా టీచరునై, క్లాసు మొత్తాన్నీ దొంగల్ని చూసినట్టు చూసేదాన్ని.

ఇలాంటి ఇంట్లో మా అప్ప ఎలా పుట్టిందో తెలీదు. పాస్టరైన బావతో కలిసి యూరప్‌లో ఒక చలిదేశానికి మిషనరీగా వెళ్లింది. యుద్ధాలు తప్పించుకుని ఆశ్రయం కోరి వచ్చినవాళ్లకి శనివారం శనివారం చర్చి హాల్లో వండిపెట్టడం వాళ్ల పని. మా చర్చి ఆడవాళ్ల అలవాటొకటి అప్ప అక్కడికీ పట్టుకెళ్లింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యాలి. అది లేనివాళ్ల వంటకి. అప్ప వంటింట్లోనూ అలాంటి డబ్బా వెలిసింది. దేశాలు దాటినా తనిఖీ మాత్రం అమ్మదే. వారం వారం ఫోన్ ముందు మూత తీసి చూపించాల్సిందే.

"అమ్మి, నువ్వొండేది సన్న బియ్యం గదా? ఇందులో ఈ పొడుగు గింజలేటి?" అని అడిగింది ఒకసారి.

"ఏమోనమ్మా, నాకూ తెల్దు" అంది అప్ప.

"కల్తీ! కొట్టోడు కలిపీసేడు. కొట్టు మార్సు."

అప్ప కొట్టు మార్చింది. పొడుగు గింజలు మానలేదు. ఆ దేశంలో కొట్లవాళ్లంతా కూడబలుక్కున్నారని నాన్న తేల్చేశాడు.

అప్పావాళ్ల ఇంటికి ఒక గడ్డమాయన వస్తుండేవాడు. ఆశ్రయం కోసం పెట్టుకున్న అర్జీ ఇంకా తేలలేదు. తలుపు చప్పుడైతే చాలు, పోలీసులేమోనని వణికేవాడట. హాల్లో జనం మధ్య ముద్ద మింగలేకపోతుంటే బావ ఎంతో నచ్చజెప్పి ఇంటికి తీసుకొచ్చాడు. ఆ దేశంలో ఆయన నమ్మి గడప తొక్కిన ఇల్లు అదొక్కటే. అమ్మకి మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మంట. "మాటాడ్డు, నవ్వడు. ఇలాటోల్లని వొంటింట్లోకి రానిస్తారేటి?" అని రుసరుసలాడేది.

ఒక సాయంత్రం అప్ప ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, పాపకి స్నానం చేయించి వస్తానని వెళ్లింది. మేం ముగ్గురం ఇక్కడ టీ తాగుతూ అక్కడి ఖాళీ వంటింటికి కాపలా కాస్తున్నాం. గడ్డమాయన వచ్చాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఏదో గుర్తొచ్చినట్టు దాని జేబులో చెయ్యి పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. దేవుడి డబ్బా మూత తీసి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

"దొంగ!" అని అమ్మ కేకేసింది. నాన్న మిల్లు డ్యూటీలో నేర్చిన హిందీలో "ఏయ్, క్యా కర్ రహా హై!" అని గర్జించాడు. అమ్మ మళ్లీ అందుకుని, అదే ప్రశ్నని సంతలో బేరమాడే ఒడియాలో "కణ కరుచ?" అంది. నేను బడి గొంతుతో "హ్యాండ్స్ అప్!" అన్నాను. (మా బడిలో అల్లరి చేసినవాళ్లకి అదే శిక్ష, నోటికి అదే వచ్చింది.) పాపం, ఆయన నిజంగానే చేతులెత్తేశాడు. పోపుల డబ్బా వైపు బిత్తరపోయి చూసి, కోటు కూడా తీసుకోకుండా మంచులోకి పరుగెత్తాడు.

"సూసేరా! గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుంకున్నాడు!" అన్నాడు నాన్న. తెలుగు రానివాడు ఏ సామెతకని తడుముకుంటాడో మాకు తట్టలేదు.

అప్ప తడి చేతులతో వచ్చి సంగతంతా విని, తల పట్టుకుంది. "ఆ బియ్యం అలాటోల్లకే గదమ్మా! తీసుకుంటే దొంగతనం ఎలగవుద్ది?"

"హక్కున్నోడు దొంగసూపులెందుకు సూసేడు మరి?" అమ్మ వదల్లేదు.

అప్ప కోటు తీసింది. జేబులోంచి బియ్యం నేల మీద రాలాయి. "అదిగో!" అన్నాడు నాన్న. అప్ప ఒంగి, ఒక గింజ ఏరి, ఫోన్ దగ్గరగా పట్టుకుంది. పొడుగు గింజ.

"ఇవి ఆల్ల క్యాంపులో ఇచ్చే బియ్యమమ్మా" అంది మెల్లగా. "ఆయన తియ్యలేదు. ఎవులికీ తెలకుండా ఏస్తన్నాడు."

ఇన్ని వారాలూ మేం కల్తీ అన్నది ఆయన పిడికెడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ చల్లారిన టీ వైపు చూస్తూ కూర్చుంది.

బావ ఆ కోటు పట్టుకుని ఊరంతా తిరిగాడు. ఆయన ఫోన్ ఎత్తలేదు, శనివారం హాలుకీ రాలేదు. అమ్మకి ముద్ద దిగలేదు. (పాలవాడు నీళ్లపాలు పోసినా ఊరుకుంది. అది చూసి మాకు ఇంకా భయమేసింది.) చివరికి ఒక బస్సు స్టాపులో దొరికాడు. పోలీసులు కాపలా ఉన్న ఇంటికి రానన్నాడట. ఆ పోలీసులెవరో చూపిస్తానని బావ అక్కడి నుంచే మాకు ఫోన్ చేశాడు.

నైటీ మీద తువ్వాలు వేసుకుని, మా ఇంటి దేవుడి డబ్బా పట్టుకుని అమ్మ ఫోన్ ముందుకొచ్చింది. క్షమించమనడానికి ఇద్దరికీ తెలిసిన భాష లేదు. ఒక పిడికెడు బియ్యం ఆయనకి చూపించి డబ్బాలో వేసింది. ఆ తర్వాత, మేం ఎవరమూ చెప్పకుండానే, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. ఆయన చాలాసేపు అనుమానంగా చూశాడు. (మా వంశంవాడే అనిపించింది.) చివరికి గడ్డంలోంచి నవ్వు బయటికొచ్చింది. బావ చేతిలోని కోటు తీసుకుని తొడుక్కున్నాడు.

అమ్మ ఇప్పటికీ పాలవాడిని నమ్మదు. కానీ బియ్యంలో వేరే రకం గింజ కనిపిస్తే ఏరి పారెయ్యదు. నేను కోరాపుట్‌లో కాపురం పెట్టాను, మా వంటింట్లోనూ డబ్బా ఉంది. మొన్న మా ఆయన చెయ్యి అందులో కనిపిస్తే, బుద్ధొచ్చినదాన్ని గనక, "ఏటి ఏస్తన్నారు?" అని ప్రేమగా అడిగాను. "ఏసేది కాదు, పిచ్చికలకి గుప్పెడు తీస్తన్నాను" అన్నాడు. ఇన్నాళ్లకి అసలు దొంగ దొరికాడు! నాలోని పాత టీచరమ్మ చటుక్కున లేచి "హ్యాండ్స్ అప్" అనబోయింది. నవ్వొచ్చి, ఆవిడని కూర్చోబెట్టాను.