ఎర్ర లైటు ముందు ఆగిన పాట

రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాక, డోన్‌లో పెద్దవాళ్ల కోసం పెట్టిన సంగీతం క్లాసులో చేరాను. మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజు మైకు మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. అంతే, ఠక్కున ఆగిపోయాను. సర్వీసంతా ఎర్ర లైటు దాటని మనిషిని! జనమంతా నావైపే చూస్తున్నారు.

"ఏమప్పా, పాడకుండా నిలబడినావే?" అన్నారు మాస్టారు.

"ఎర్ర లైటు ఉండాది సార్!"

అది మైకులో వినబడి హాలంతా గొల్లుమంది. ముందు వరుసలోంచి నా భార్య లేచి, ఆకుపచ్చ చీర కొంగును జెండాలా ఊపింది. "ఇంగ పోనీండి!"

గొంతెత్తాను. మాస్టారు చాలని చెయ్యి ఊపినా ఆగలేదు.

ఇప్పుడు నేనెక్కడ పాడినా ఆమెది ఆకుపచ్చ చీరే. ఎర్ర చీర కట్టిన రోజు చూద్దాం, ఆపే సంగతి!