కట్టేసిన యుద్ధనౌకలో రెండేళ్లు

ఆ ఓడ దగ్గరికి నేను చేరింది అక్టోబరులో, ఉదయం ఏడున్నరకు. సన్నగా వాన. భుజాన కిట్ బ్యాగు, జేబులో బదిలీ ఉత్తర్వు. తూర్పు తీరంలో ఒక నౌకాశ్రయం, దాని చివరి గట్టు. గట్టుకు ఆరు తాళ్లతో కట్టేసిన యుద్ధనౌక. పొగగొట్టానికి కాన్వాసు కప్పి కుట్టేశారు. ఫిరంగి గొట్టానికి గ్రీజు పట్టించి మూతి బిగించారు. రాడార్ దింపేశారు. డెక్ మీద అలికిడి లేదు.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇంజన్ మెకానిక్‌ని. తమిళనాడులో గుడియాత్తం మొదలు వేలూరు దాకా మా వైపు సైన్యంలో పనిచేసినవాళ్లు చాలామంది. నేవీకి పోయింది మా వీధిలో నేనొక్కణ్ణే. సముద్రాలు దాటతానని అందరికీ చెప్పి వచ్చాను. తీరా చూస్తే ఇది కదలని ఓడ.

మెట్ల పైన చీఫ్ నిలబడి ఉన్నాడు. ఎనిమిది మంది కాపలా జట్టుకు ఆయనే పెద్ద. నలభై అయిదేళ్ల మనిషి. నా కాగితంలో ఊరి పేరు చూసి, అప్పటిదాకా మాట్లాడుతున్న హిందీ ఆపేశాడు.

"గుడియాత్తమా? ఇంట్లో యేం మాట్లాడతారప్పా?"

"తెలుగే సార్. రాసేది మాత్రం తమిళం."

"మాదీ అంతే. ఆలంగాయం. మా నాయన కట్టడం మేస్త్రీ. మొగం అట్ల పెట్టుకోవద్దు. ఇది చచ్చిన ఓడ కాదు. పండుకోనుండాది."

ఆ వారమంతా ఆయన నన్ను ఓడ లోపల తిప్పుతూ చెప్పాడు. యుద్ధం లేనప్పుడు ఓడలన్నిటినీ సముద్రంలో తిప్పడం ఏ దేశానికైనా తలకు మించిన పని. అలాగని పారేస్తే అవసరం వచ్చిన రోజు కొత్తది కట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే దాచిపెడతారు. కొయ్య ఓడల కాలంలో స్తంభాలు, తాళ్లు, ఫిరంగులు దింపి, డెక్ మీద పలకలతో పైకప్పు వేసి నదుల ముఖాన కట్టేసేవారట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వరసలు వరసలుగా నిలబెట్టి, ఫిరంగుల మీద ప్లాస్టిక్ పొర చల్లి, లోపలికి పొడిగాలి పంపేవారట. ఎక్కడైనా శత్రువు ఒకటే, తేమ.

మా పని కూడా తేమతోనే. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి ప్రతి గదిలో తేమ ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. సోమవారం ఇంజన్ ఇరుసును చేత్తో పావు చుట్టు తిప్పాలి. నెలకోసారి ఓడ వెనక భాగంలో అట్టడుగు గది మూత తీయాలి. దానికి ఇరవై నాలుగు బోల్టులు. విప్పాక రెండు గంటలు ఫ్యానుతో గాలి కొట్టాలి. ఆ తర్వాతే దిగాలి. ఎందుకంటే మూసిన ఇనుప గదిలో తుప్పు ప్రాణవాయువును తినేస్తుంది. వాసన రాదు, కంటికి కనబడదు.

"చూసినాకే రాయి. సుమ్మా ఊరికే రాయొద్దు," అని చీఫ్ తొలిరోజే చెప్పాడు.

ఫిబ్రవరిలో నాకు వేరే ఓడకు బదిలీ వచ్చింది. సముద్రంలో తిరిగే ఓడ. జూన్‌లో చేరాలి. ఇక మనసు ఇక్కడ నిలవలేదు. ఆ నెల, పై నెల నేను ఆ మూత విప్పలేదు. "పొడిగా ఉంది" అని రాసి సంతకం చేశాను.

ఏప్రిల్లో ఒక ఉదయం, ఎనిమిదీ పది. చీఫ్ గట్టు మీద నుంచి రేడియోలో పిలిచాడు.

"వెనకపక్క మూడు అంగుళాలు దిగినాది. నీళ్లు యాడనో వస్తుండాయి. మన జట్టు ఎలక్ట్రీషియన్‌ను తీసుకొని మూత దగ్గరికి రా."

ముగ్గురం కలిసి బోల్టులు విప్పాం. కింద నీళ్ల చప్పుడు వినబడింది.

"పోయిన నెల గాలి కొట్టి దిగినావు గదా?" అని అడిగాడు చీఫ్.

ఎలక్ట్రీషియన్ నా పక్కనే ఉన్నాడు. "దిగినాను," అన్నాను.

నెల కిందటే గాలి ఆడిన గది అనుకుని, నీళ్లు పెరుగుతున్నాయన్న తొందరలో, చీఫ్ అరగంటకే ఫ్యాను పక్కకు జరిపించాడు. నిజానికి అది మూడు నెలలు మూసి ఉన్న గది. చెప్పడానికి నాకు ఆ అరగంట ఉంది. చెప్పలేదు. నడుముకు తాడు కట్టుకుని ఆయన దిగాడు. అయిదో మెట్టు మీద చెయ్యి జారింది. తాడు ఒక్కసారిగా బిగిసింది.

ఇద్దరం లాగాం. మనిషి బరువు అంతుంటుందని నాకు అప్పుడే తెలిసింది. పైకి తెచ్చేసరికి పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ రేడియోలో అంబులెన్సు కోసం అరుస్తున్నాడు. నేను ఆయన నోట్లోకి గాలి ఊదాను. ఎన్నిసార్లో లెక్క లేదు. చివరికి ఒక దగ్గు వచ్చింది. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"పొడిగా ఉండాదని రాసినావే నాయనా," అన్నాడు.

అంబులెన్సు వెళ్లాక మళ్లీ రెండు గంటలు గాలి కొట్టించి, వీపున గాలి సిలిండరు కట్టుకుని నేనే దిగాను. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. సముద్రపు నీటిని లోపలికి వదిలే వాల్వు పక్కనుంచి వస్తున్నాయి. బిగించి పైకి వచ్చి, తడి బట్టలతోనే నౌకాశ్రయంలో మా పై అధికారి గదికి పోయి, చూడకుండా పెట్టిన రెండు సంతకాలు చూపించాను. జూన్ బదిలీ రద్దయింది. సెలవులు పోయాయి.

నాలుగో రోజు చీఫ్ ఆసుపత్రి నుంచి వచ్చాడు. నన్ను జట్టులోంచి తీసేయాలా అని అధికారి అడిగితే వద్దన్నాడట. ఎందుకు సార్ అని ఆయన్నే అడిగాను.

"కొత్తోడు వస్తే వాడు యేం చేస్తాడో నాకు తెలీదు. నువ్వు ఇంక చూడకుండా రాయవు. అది తెలుసు." తేమ పుస్తకం నా చేతికిచ్చి, "కోపం లేదనుకోవద్దు. ఉండాది," అన్నాడు.

ఆ కోపం వర్షాకాలం దాకా ఉంది. పని తప్ప మాట లేదు. ఒక ఆదివారం ఆంబూరు బిరియాని గురించి తనంతట తనే ఎత్తుకున్నాడు. మా పక్క అన్నం వండడం ఇక్కడెవరికీ రాదన్నాడు. నేను తల వంచుకుని విన్నాను.

రెండో ఏడు సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. ఓడను మళ్లీ సేవలోకి తీసుకుంటారు. పొగగొట్టం మీద కుట్లు విప్పాం. గ్రీజు తుడిచాం. తొలిసారి ఇంజన్ తిప్పిన రోజు డెక్ కాళ్ల కింద సన్నగా వణికింది. చీఫ్ బూట్లు విప్పి ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. తర్వాత రెండు టగ్గు పడవలు వచ్చి, అడుగు గీకించడానికి ఓడను డ్రై డాక్ వైపు లాక్కుపోయాయి. మా కాపలా అక్కడితో అయిపోయింది.

సెలవు మీద కాట్పాడిలో దిగి బస్సులో ఇల్లు చేరాను. మా చిన్నాయన అడిగాడు, "యుద్ధం చూసినావా అప్పా?" లేదన్నాను. "మరి రెండేండ్లు యేం చేసినావు?" ఒక ఓడ మునగకుండా చూసినానన్నాను. ఆయన నవ్వాడు. నిన్న మొన్నటి దాకా అందరూ అడిగేది అదే, నేను చెప్పేదీ అదే.

చెప్పనిది ఒకటుంది. ఓడ వెళ్లిపోయిన ఉదయం గట్టు అంచున నిలబడి కిందికి చూశాను. ఏళ్ల తరబడి నీడలో ఉన్న నీళ్ల మీద ఎండ పడుతోంది. ఓడ అడుగున బతికిన చిన్న చేపలు వేలకొద్దీ అక్కడే ఉన్నాయి. ఓడ ఎంత పొడుగో అంత పొడుగున, ఎంత వెడల్పో అంత వెడల్పున, గుంపు చెదరకుండా నిలిచి ఉన్నాయి.